గోముఖం దాకా నడక: గంగోత్రి నుంచి ఎలా వెళ్లి రావాలి

చార్‌ధామ్ యాత్ర రోజులు దగ్గర పడుతున్నాయంటే ఏటా ఇవే ప్రశ్నలు. గంగోత్రి గుడి చూసుకుని, గంగ పుట్టే చోటైన గోముఖం వెళ్లి, అదే రోజు వచ్చేయవచ్చా? గైడు లేకుండా కుదరదా? తిరుమల కొండ నడిచి ఎక్కినవాళ్లం, ఇదెంత? అమ్మానాన్నలను తీసుకెళ్లవచ్చా? ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే మొత్తం దారిని వరసగా రాసిపెడితే మేలనిపించింది.

ముందు దారి సంగతి. గంగోత్రి సుమారు 3,100 మీటర్ల ఎత్తున ఉంది. రాత్రి బస చేసే భోజ్‌బాసా 3,800 మీటర్ల దగ్గర ఉంటుంది. రెంటి మధ్య 14 కిలోమీటర్లు. అంత దూరంలో ఎక్కేది 700 మీటర్లే కాబట్టి అలిపిరి మెట్లు ఎక్కినవాళ్ల కాళ్లకు ఇదేమీ భగీరథ ప్రయత్నం కాదు. చిక్కంతా గాలితోనే. భోజ్‌బాసాలో ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్, మన ఊళ్లో అందేదానిలో 60 నుంచి 65 శాతమే. మధ్యలో వెనుదిరిగేవాళ్లు చాలామంది మోకాళ్ల నొప్పితో కాదు, తలనొప్పితోనో వాంతులతోనో తిరిగి వస్తారు. కాబట్టి ఇక్కడ రాసిన సలహాలన్నింటికీ మూలం ఒక్కటే: నడకకు ముందు గంగోత్రిలో ఒక రోజు ఊరికే ఉండండి. ఆ రోజును మిగుల్చుకోవాలని చూస్తే మిగతా జాగ్రత్తలు సగమే పనిచేస్తాయి.

ఎప్పుడు వెళ్లాలి, ఎవరు వెళ్లకూడదు

గంగోత్రి గుడి తలుపులు అక్షయ తృతీయ నాడు తెరుస్తారు, దీపావళి మర్నాడు మూస్తారు. నడకకు మంచి కాలాలు రెండు: మే మధ్య నుంచి జూన్ మధ్య దాకా ఒకటి, సెప్టెంబరు రెండో సగం నుంచి అక్టోబరు మధ్య దాకా రెండోది. నన్నడిగితే రెండోదే మేలు. వానలు వెనక్కి తగ్గి ఆకాశం తేటగా ఉంటుంది, జనం పలచబడతారు. చలి మాత్రం ఎక్కువ.

మే మొదటి వారంలో వెళితే దారిలో ఇంకా మంచు గడ్డకట్టి ఉండవచ్చు. జూలై, ఆగస్టులను పూర్తిగా వదిలేయండి. ఉత్తరకాశీ నుంచి గంగోత్రికి వెళ్లే రోడ్డు మీద కొండచరియలు విరిగిపడే కాలం అది. 2025 ఆగస్టు 5న ఆ రోడ్డు మీదే ఉన్న ధరాలీ గ్రామాన్ని వాగు వరద ముంచెత్తింది. పైగా శ్రావణంలో గంగాజలం కోసం వచ్చే కావడి యాత్రికులతో దారి కిటకిటలాడుతుంది.

గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు, తీవ్రమైన ఉబ్బసం ఉన్నవాళ్లు, గర్భిణులు ఈ నడక పెట్టుకోవద్దు. అరవై దాటినంత మాత్రాన మానుకోనక్కర్లేదు, కానీ వైద్యుడి మాట విన్న తర్వాతే బయలుదేరండి. చిన్నపిల్లలతో ఉన్న చిక్కు వేరు: తలనొప్పిగా ఉందో లేదో వాళ్లు సరిగా చెప్పలేరు. అలాంటివాళ్ల కోసం చివర్లో వేరే దారులు చెప్పాను.

కావలసినవి

*కాగితాలు:* ఉత్తరాఖండ్ ప్రభుత్వ యాత్రా రిజిస్ట్రేషన్, గంగోత్రి నేషనల్ పార్కు పర్మిట్, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు, దాని నకళ్లు రెండు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఆరోగ్యం బాగుందని వైద్యుడు రాసిచ్చిన పత్రం. ఇవన్నీ కాగితం మీదే ఉంచుకోండి. ఫోనులో ఉన్నాయి కదా అనుకుంటే చలికి బ్యాటరీ దిగిపోయినప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు.

*కాళ్లకు:* చీలమండను పట్టి ఉంచే, అడుగున గాళ్లున్న బూట్లు. బయలుదేరడానికి కనీసం మూడు వారాల ముందే కొని రోజూ వేసుకుని తిరగండి. ఉన్ని మేజోళ్లు మూడు జతలు. కాలిగోళ్లు పొట్టిగా కత్తిరించుకోండి. ఇది చాలామంది నవ్వి వదిలేసే సలహా. దిగేటప్పుడు గోరు బూటు ముందుభాగానికి ఒరుసుకుంటూ ఉంటే నవ్వు ఉండదు.

*ఒంటికి:* పొరలు పొరలుగా వేసుకోవాలి. లోపల థర్మల్స్, మధ్యలో ఫ్లీస్ లేదా ఉన్ని స్వెటర్, పైన గాలి చొరని జాకెట్టు, వాన కోసం పోంచో. తలకు ఉన్ని టోపీ, చేతులకు గ్లౌజులు, నల్ల కళ్లద్దాలు, సన్‌స్క్రీన్, పెదవులకు రాసుకునే క్రీము. జీన్స్ వద్దు. నూలు బట్టలు చెమటకు తడిస్తే ఆరవు, ఆ తడే చలిని ఒంట్లోకి దింపుతుంది. చీరతో, పంచెతో నడిచే పెద్దలు అక్కడ కనిపిస్తారు. అలవాటున్న కాళ్లు వాళ్లవి. మనకు సల్వారో ట్రాక్ ప్యాంటో సుఖం.

*చేతికి, సంచికి:* చేతికర్ర ఒకటి, తలకు కట్టుకునే టార్చి, లీటరు నీళ్లు పట్టే సీసాలు రెండు (ఒకటి వేడినీళ్లు నిలిచే స్టీలు ఫ్లాస్కు అయితే మంచిది), నగదు. ఏటీఎం పనులన్నీ ఉత్తరకాశీలోనే ముగించుకోండి.

*మందులు:* పారాసిటమాల్, ఓఆర్‌ఎస్ పొట్లాలు, వాంతులకు, విరేచనాలకు మాత్రలు, బొబ్బల మీద వేసే పట్టీలు, మీరు రోజూ వాడే మందులు రెండు రోజులకు అదనంగా. ఎత్తు ప్రదేశాల కోసం ఇచ్చే ఎసిటజోలమైడ్ మాత్ర గురించి ఊరు వదలక ముందే వైద్యుణ్ని అడగండి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. పక్కవాళ్లు వేసుకున్నారని మీరూ వేసుకోవద్దు.

*తిండి:* వేరుశనగ చిక్కీ, ఖర్జూరాలు, జంతికలు, బెల్లం. భోజ్‌బాసా ఎత్తులో నీళ్లు 87 డిగ్రీలకే మరిగిపోతాయి కాబట్టి అన్నం మనకు అలవాటైనట్టు ఉడకదు. పప్పు, రొట్టె, కిచిడీలతో సర్దుకోవాలి. కందిపొడి, కారప్పొడి చిన్న స్టీలు డబ్బాలో పెట్టుకుంటే ముద్ద దిగుతుంది. పచ్చడి గాజు సీసా మాత్రం ఇంట్లోనే ఉంచండి.

దశల వారీగా

1. ఆరు వారాల ముందు నుంచి నడక మొదలుపెట్టండి. వారానికి నాలుగు రోజులు గంటసేపు చురుకైన నడక, రెండు రోజులు మెట్లు. ఎక్కడం కంటే దిగడం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి, మోకాళ్లను తినేది దిగుడే. హైదరాబాద్ వాళ్లకు ఆదివారాల్లో అనంతగిరి కొండలున్నాయి. మూసీ పుట్టింది అక్కడే కాబట్టి, నది పుట్టిన చోటుకు వెళ్లే నడకకు అదొక రిహార్సల్ అనుకోండి. తిరుపతి దగ్గరివాళ్లకు శ్రీవారి మెట్టు ఉండనే ఉంది.

సిద్ధమయ్యారో లేదో చూసుకోవడం ఇలా: వీపున ఐదు కిలోల సంచితో 15 కిలోమీటర్లు ఒక రోజు నడవండి. మర్నాడు మళ్లీ పది కిలోమీటర్లు నడవగలిగితే చాలు. రెండో రోజు మంచం దిగలేకపోతే ఇంకో రెండు వారాలు సాధన చేయాలి. అయితే ఈ పరీక్షలో నెగ్గితే మీ కాళ్లు సిద్ధమని మాత్రమే అర్థం. ఎత్తు మీ ఒంటికి పడుతుందో లేదో మన మైదానాల్లో ఏ పరీక్షా చెప్పలేదు. రోజూ జిమ్‌కు వెళ్లే పాతికేళ్ల కుర్రాడికి తల తిరిగి, వాళ్ల నాన్న హాయిగా టీ తాగుతూ కూర్చోవడం అక్కడ వింతేమీ కాదు.

2. పర్మిట్ సంపాదించండి. గోముఖం దారి గంగోత్రి నేషనల్ పార్కులో ఉంది. రోజుకు 150 మందినే అనుమతిస్తారు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు, ఉత్తరకాశీలోని పార్కు కార్యాలయం ద్వారా కూడా తీసుకోవచ్చు. మే, జూన్ నెలల్లో తేదీలు త్వరగా నిండిపోతాయి. రైలు టికెట్ల కంటే ముందు పర్మిట్ తేదీ ఖాయం చేసుకోండి. మనవాళ్లు ఎక్కువగా దీన్ని తిరగేసి చేస్తారు: రానుపోను టికెట్లు కొనేసి, గంగోత్రి చేరాక పర్మిట్ కోసం వెతుక్కుంటారు. రుసుము, గైడుకు సంబంధించిన నిబంధనలు ఏటా మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసేటప్పుడే అడిగి తెలుసుకోండి.

గోముఖానికి ఇచ్చే పర్మిట్ మీద, అది దాటాక వచ్చే తపోవనం వెళ్లకూడదు. అది 4,400 మీటర్లకు పైన, వేరే తరహా దారి. గైడు లేకుండా దాని జోలికి పోవద్దు.

3. గైడును మాట్లాడుకోండి. దారి స్పష్టంగానే ఉంటుంది, తప్పిపోయే అవకాశం తక్కువ. అయినా మొదటిసారి ఇంత ఎత్తుకు వెళ్లేవాళ్లు, హిందీ రానివాళ్లు, యాభై దాటినవాళ్లు గుంపులో ఉన్నవాళ్లు గైడును పెట్టుకోవాలనే నా అభిప్రాయం. ఏ వాగు మీద కర్ర వంతెన నిన్న కొట్టుకుపోయిందో, ఏ మలుపులో ఎన్ని గంటలకు రాళ్లు దొర్లడం మొదలవుతుందో అతనికి తెలుస్తుంది, మ్యాపుకు తెలియదు. ఉత్తరకాశీలో 1965లో పెట్టిన నెహ్రూ పర్వతారోహణ సంస్థ ఉంది, అక్కడ శిక్షణ పొందినవాళ్లు ఆ చుట్టుపక్కల దొరుకుతారు.

డబ్బు చేతిలో పెట్టే ముందు ఈ నాలుగు అడగండి. ఈ సీజనులో ఈ దారిన వెళ్లారా? గుంపులో ఒకరికి బాగోలేకపోతే వాళ్లతో కిందికి ఎవరు దిగుతారు? బస, భోజనం మీ లెక్కలోనా, మా లెక్కలోనా? తిరిగి రావడం ఒక రోజు ఆలస్యమైతే ఎంత? రెండో ప్రశ్నకు తడబడే గైడును వదిలేయండి. మూటలు మోసే మనిషిని పెట్టుకుంటే అతనికి చలికోటు, బూట్లు, రాత్రి పడుకునే చోటు ఉన్నాయో లేదో చూడాల్సిన బాధ్యత మీదే.

హిందీ రానివాళ్లు కనీసం ఈ మూడు మాటలు నేర్చుకోండి. ‘సిర్ మే దర్ద్ హై’ అంటే తలనొప్పిగా ఉంది. ‘వాపస్ చలో’ అంటే వెనక్కి పోదాం. ఇక ‘పత్థర్!’ అని ఎవరైనా అరిస్తే పైనుంచి రాయి వస్తోందని. అది మీరు అనడానికి కాదు, విన్న వెంటనే తల కాపాడుకోవడానికి.

4. గంగోత్రికి రెండు రోజుల్లో చేరండి. హైదరాబాద్ నుంచి, విశాఖ నుంచి రైల్లో ఢిల్లీ వచ్చి, అక్కడి నుంచి హరిద్వార్, రిషీకేశ్ చేరడం మామూలు పద్ధతి. విమానమైతే డెహ్రాడూన్ దాకా. రిషీకేశ్ నుంచి గంగోత్రి సుమారు 250 కిలోమీటర్ల కొండ రోడ్డు. ఒక్క రోజులో తీసుకెళ్తామనే జీపులుంటాయి, ఎక్కకండి. 1,150 మీటర్ల ఎత్తున్న ఉత్తరకాశీలో ఒక రాత్రి ఆగండి. వీలుంటే రెండో రాత్రి 2,600 మీటర్ల దగ్గరున్న హర్సిల్‌లో ఉండి, మర్నాడు పొద్దున గంగోత్రి చేరండి. ఒళ్లు ఎత్తుకు మెట్లు మెట్లుగా అలవాటు పడుతుంది. హర్సిల్‌లో ఆగడం కుదరకపోతే గంగోత్రిలో రెండు రాత్రులు తప్పనిసరి.

5. గంగోత్రిలో ఒక రోజు ఊరికే ఉండండి. ఊరికే అంటే గదిలో దుప్పటి కప్పుకుని పడుకోవడం కాదు. గుడికి వెళ్లండి, దేవదారు చెట్ల మధ్య దారిలో గంటో రెండు గంటలో నెమ్మదిగా నడవండి, కాస్త ఎత్తు ఎక్కి మళ్లీ దిగి పడుకోండి. మూడు నాలుగు లీటర్ల నీళ్లు తాగండి. మద్యం, నిద్రమాత్రలు, పొగ వద్దు. తీర్థానికి వచ్చాం కదా అని ఉపవాసం ఉండటం మన పెద్దవాళ్ల అలవాటు. నడకకు ముందురోజు, నడిచే రోజు మాత్రం అది వద్దని గట్టిగా చెప్పండి. అమ్మవారికి కోపం రాదు.

ఆ రాత్రి పడుకునే ముందు ఒకరినొకరు అడగాల్సిన ప్రశ్నలు: తలనొప్పి ఉందా? తిండి సహించిందా? వికారంగా ఉందా? నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా? తలనొప్పి ఒక్కటే ఉండి, నీళ్లు తాగి ఒక పారాసిటమాల్ వేసుకుని పడుకుంటే తెల్లారేసరికి పోతే సరే. తలనొప్పికి వాంతో వికారమో తోడైతే మర్నాటి ప్రయాణం వాయిదా. ఇందులో బేరం లేదు.

6. గంగోత్రి నుంచి చీర్‌బాసా: 9 కిలోమీటర్లు. ఉదయం ఆరు, ఆరున్నరకల్లా నడక మొదలుపెట్టండి. గుడి వెనకనుంచి మెట్లెక్కితే దారి దొరుకుతుంది. రెండు కిలోమీటర్ల తర్వాత కనఖు దగ్గర పార్కు చెక్‌పోస్టు. పర్మిట్ చూస్తారు, మీ దగ్గరున్న ప్లాస్టిక్ సామాను లెక్క రాసుకుంటారు, డిపాజిట్ అడగవచ్చు. బిస్కెట్ పొట్లాల కాగితాలతో సహా తిరిగి తెచ్చి చూపించాలి. ఈ తతంగం ఇష్టం లేకపోతే తినుబండారాలన్నీ ముందే గుడ్డసంచుల్లోకి మార్చుకోండి.

ఇక్కడి నుంచి దారి పొడవునా నది మీ కుడిచేతి వైపు లోతులో ఉంటుంది. ఎడమ పక్కన కొండ. ఎదురుగా మూటలతో మనుషులు గానీ జంతువులు గానీ వస్తే కొండవైపు ఒదిగి నిలబడండి, నదివైపు ఎన్నడూ నిలబడకండి.

నడక వేగం ఎంతుండాలని అందరూ అడుగుతారు. పక్కవాళ్లతో పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలగాలి. రెండు మాటలకే ఎగశ్వాస వస్తుంటే వేగం తగ్గించండి. గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని ముందు పెట్టండి. కుర్రాళ్లు ముందు పరుగెత్తి, రాయి మీద కూర్చుని, వెనకాల పెద్దవాళ్లు రొప్పుతూ చేరగానే ‘పదండి’ అని లేస్తారు. వాళ్లకు విశ్రాంతి దొరుకుతుంది, పెద్దవాళ్లకు దొరకదు.

దారిలో దేవ్‌గాడ్ అనే వాగు వస్తుంది. దాని మీద, తర్వాతి వాగుల మీద దుంగల వంతెనలు వేస్తారు, వరదకు పోతే మళ్లీ వేస్తారు. మంచు కరిగి వచ్చే నీరు కాబట్టి ఈ వాగులు పొద్దున తగ్గి, మధ్యాహ్నానికి పొంగుతాయి. వంతెన లేని వాగును మధ్యాహ్నం దాటే సాహసం చేయకండి. ఆగి మర్నాటి ఉదయం దాటడమో, వెనక్కి రావడమో మేలు.

సుమారు 3,600 మీటర్ల ఎత్తులో చీర్‌బాసా వస్తుంది. ఈ నడకలో పైన్ చెట్ల నీడ చివరిసారి దొరికేది ఇక్కడే. రాలిన సూదులు కాళ్లకింద మెత్తగా పరుచుకుని, ఎండ పడితే జిగురు వాసన వేస్తాయి. ఒక గుత్తి తీసి లెక్కపెట్టండి: ఐదు సూదులుంటాయి. రిషీకేశ్ నుంచి వచ్చేటప్పుడు రోడ్డు పక్కన కొండలనిండా కనిపించిన పైన్‌కు మూడే. ఇంత ఎత్తులో, ఇంత చలిలో పెరిగేది ఈ ఐదు సూదుల రకం. ఎండుసూదులు నిప్పురవ్వకే అంటుకుంటాయి కాబట్టి ఈ అడవిలో బీడీ, సిగరెట్, అగరువత్తి, కర్పూరం ఏదీ వెలిగించవద్దు.

ఇక్కడ అరగంట ఆగండి. తినండి, తాగండి, మేజోళ్లు మార్చుకోండి. మడమ మీద ఎక్కడైనా ఎర్రబడి మంటగా ఉంటే బొబ్బ వచ్చేదాకా చూడకుండా ఇప్పుడే పట్టీ వేయండి. ఈపాటికి తలనొప్పి మొదలై, నీళ్లు తాగినా తగ్గకపోతే వెనక్కి తిరగాల్సిన చోటు ఇదే. తొమ్మిది కిలోమీటర్ల దిగుడు, సాయంత్రానికి గంగోత్రిలో ఉంటారు.

7. చీర్‌బాసా నుంచి భోజ్‌బాసా: 5 కిలోమీటర్లు. దూరం తక్కువ, ప్రమాదం ఎక్కువ. చెట్లు అయిపోతాయి. స్థానికులు ‘గీలా పహాడ్’ అనే వదులు మట్టి కొండ కింద దారి సాగుతుంది. పైన మేసే భరల్ గొర్రెలు కదిలినా, మధ్యాహ్నం గాలి లేచినా రాళ్లు జారుతాయి. కొమ్ములు వెనక్కి తిరిగి బూడిదరంగులో ఉండే ఆ గొర్రెలు కనిపించగానే ఫోను తీసి నిలబడటం ఇక్కడ జనం చేసే పెద్ద తప్పు. పైన గొర్రె ఉందంటే కింద మీరు ఉండకూడదు.

ఈ భాగాన్ని మధ్యాహ్నం పన్నెండు లోపు దాటేలా చూసుకోండి. మనిషికీ మనిషికీ మధ్య పది పదిహేను అడుగుల ఎడం ఉంచండి. చెవుల్లో పాటలు పెట్టుకోవద్దు, చప్పుడు వినడమే ఇక్కడ రక్షణ. కూర్చోవద్దు, గుంపుగా ఆగవద్దు. వాన పడుతుంటేనో, అప్పుడే పడి ఆగితేనో చీర్‌బాసాలోనే నిలిచి గైడు మాట వినండి.

8. భోజ్‌బాసాలో రాత్రి. మధ్యాహ్నం ఒకటి, రెండు మధ్య చేరతారు. ఒకప్పుడు ఇక్కడ భూర్జ వృక్షాల అడవి ఉండేది, పొయ్యిల పాలైంది. పర్వతారోహకురాలు హర్షవంతి బిష్త్ పూనుకుని మళ్లీ మొక్కలు నాటించారు. బసకు గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వారి విశ్రాంతి గృహం ఉంది, ముందే బుక్ చేసుకోవాలి. లాల్ బాబా ఆశ్రమంలో కూడా బస, భోజనం దొరుకుతాయి. అక్కడ గది సౌకర్యాలు అడగవద్దు, ఇచ్చింది తిని కృతజ్ఞతగా కానుక ఇచ్చి రండి.

చేరగానే మంచం ఎక్కకండి. తడి బట్టలు మార్చుకుని, వేడిగా ఏదైనా తాగి, చీకటి పడేదాకా కూర్చునో, మెల్లగా తిరుగుతోనో ఉండండి. పగటి నిద్రలో ఊపిరి నెమ్మదిస్తుంది, లేచేసరికి తల బరువెక్కుతుంది. రాత్రి నిద్ర సరిగా పట్టకపోవడం, మధ్యమధ్య ఉలిక్కిపడి ఊపిరి తీసుకోవడం ఇక్కడ చాలామందికి జరిగేదే, కంగారు వద్దు. మే, అక్టోబరు నెలల్లో రాత్రి చలి సున్నాకు దిగువకు పోతుంది. ఫోను, టార్చి బ్యాటరీలు దుప్పటిలో మీ పక్కనే ఉంచుకోండి.

కంగారు పడాల్సినవి వేరే ఉన్నాయి. నేల మీద సరళరేఖ ఊహించుకుని, మడమకు వేలు తాకేలా పది అడుగులు వేయించండి. తూలిపోతే, మాట ముద్దగా వస్తే, చెప్పిందే చెబుతుంటే, కదలకుండా కూర్చున్నప్పుడు కూడా ఆయాసం తగ్గకపోతే, దగ్గులో నురగ వస్తే ప్రాణాపాయమని అర్థం. తెల్లారేదాకా చూద్దాం అనుకోకుండా వెంటనే గైడును, అక్కడి సిబ్బందిని లేపి కిందికి దించే ఏర్పాటు చేయాలి. వేలికి పెట్టే ఆక్సిమీటర్ ఉంటే మంచిదే, కానీ అక్కడ ఎనభైల్లో అంకె కనిపించడం మామూలు. అంకె బాగుందని లక్షణాలను కొట్టిపారేయవద్దు. అంకె తగ్గిందని హాయిగా ఉన్న మనిషిని భయపెట్టనూ వద్దు.

9. గోముఖం: 4 కిలోమీటర్లు వెళ్లడం, 4 రావడం. తెల్లవారుజామున ఐదున్నరకు, సంచులు భోజ్‌బాసాలోనే వదిలి, నీళ్లు, చిక్కీ, చలికోటుతో బయలుదేరండి. చివరి కిలోమీటరు బండరాళ్ల మీద నడక. ఊగే రాయి ఏదో చేతికర్రతో తట్టి చూసి అడుగు వేయండి. ఎదురుగా భాగీరథి శిఖరాలు, కాస్త పక్కగా 6,543 మీటర్ల శివలింగ్.

గోముఖం అంటే బొమ్మల్లో చూసిన తెల్లని గుహ కోసం వెతక్కండి. సుమారు 30 కిలోమీటర్ల పొడవున్న గంగోత్రి హిమానీనదం కొస ఇది. మట్టి, రాళ్లు కప్పి నల్లగా, పగుళ్లతో ఉంటుంది. ఏటా వెనక్కి జరుగుతోంది, రూపం మారుతోంది. కింది నుంచి నీరు బియ్యం కడిగిన నీళ్ల రంగులో ఉరుకుతూ వస్తుంది. మంచు బరువుకు రాళ్లు నూరుకుపోయి వచ్చిన పొడి అది.

సిబ్బందో గైడో ఆపిన చోట ఆగండి. మంచు గోడ కిందికి వెళ్లడం, గుహ ముందు నిలబడి ఫొటో దిగడం, అంచున స్నానం చేయడం వద్దు. ఎండ తగిలిన కొద్దీ ఇంటి పరిమాణం ముక్కలు చెప్పకుండా విరిగిపడతాయి. స్నానం మొక్కు ఉంటే గంగోత్రి ఘాట్లలో గొలుసులు పట్టుకుని చేయవచ్చు, అదీ ఇదే నీరు. ఇక్కడ దూరంగా, నెమ్మదైన పాయలో చేయి తడిపి నెత్తిన చల్లుకుంటే సరిపోతుంది.

10. వెనుదిరిగే గంట ముందే ఖాయం చేసుకోండి. గోముఖం నుంచి ఉదయం తొమ్మిదికి, మహా అయితే తొమ్మిదిన్నరకు తిరగాలి. అప్పటికి చేరకపోయినా సరే, ఎక్కడుంటే అక్కడి నుంచే. పదకొండు లోపు భోజ్‌బాసా చేరి, తిని, సంచులు తీసుకుని దిగడం మొదలుపెడితే వాగులు పొంగే వేళకు ముందు దాటి, వెలుతురుండగానే గంగోత్రి చేరవచ్చు. ఆ రోజు మొత్తం 22 కిలోమీటర్లు. మోకాళ్లు సహకరించకపోతే భోజ్‌బాసాలో రెండో రాత్రి ఉండి మర్నాడు దిగండి, కాకపోతే పర్మిట్ రోజులు దానికి సరిపోతాయో లేదో ముందే చూసుకోండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

ఒక్క రోజులో 36 కిలోమీటర్లు వెళ్లి వచ్చేవాళ్లున్నారు. వాళ్లను చూసి మీరు చేయకండి. చీకట్లో వదులు కొండ కింద నడవాల్సి వస్తుంది.

తిరుగు రైలుకు టికెట్ బిగించి కొనడం ఇంకోటి. గంగోత్రి రోడ్డు ఒక చరియ విరిగితే రోజంతా మూసుకుపోతుంది. రైలు తప్పుతుందన్న ఆత్రంలోనే జనం తలనొప్పిని దాచుకుంటారు, వానలో దిగుతారు. తిరుగు ప్రయాణానికి ముందు కనీసం ఒక ఖాళీ రోజు ఉంచండి.

నీళ్ల సంగతి. చలికి దాహం వేయదు, తాగరు. మూత్రం రంగు చూడండి: లేత పసుపులో ఉంటే చాలు, చిక్కబడితే తక్కువ తాగుతున్నారని గుర్తు. దారిలో మరుగుదొడ్లు దాదాపు లేవని కొందరు ఆడవాళ్లు కావాలనే నీళ్లు మానేస్తారు. అది నేరుగా తలనొప్పికి దారి తీస్తుంది. గుంపులో ఆడవాళ్లు ఇద్దరైనా ఉంటే రాళ్ల చాటున ఒకరికొకరు కాపలా ఉండవచ్చు. వాడిన ప్యాడ్లు, కాగితాలు వేయడానికి మూత బిగిసే సంచి ఒకటి పెట్టుకుని కిందికి తెచ్చేయండి. ఎత్తు మారినప్పుడు నెలసరి ముందుకో వెనక్కో జరగవచ్చు కాబట్టి తేదీ కాకపోయినా సరంజామా ఉంచుకోండి.

గంగోత్రి దాటాక ఫోను సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. ‘రేపు సాయంత్రం దాకా ఫోను కలవదు’ అని ఇంట్లో ముందే చెప్పండి. లేకపోతే ఇక్కడ మీరు హాయిగా కిచిడీ తింటుంటే అక్కడ మీవాళ్లు నిద్ర మానుకుంటారు.

నడవలేనివాళ్లకు, సగంలో ఆగాల్సినవాళ్లకు

చీర్‌బాసా దాకా వెళ్లి అదే రోజు తిరిగి రావడం ఒక మంచి మార్గం. 18 కిలోమీటర్లే, పైన్ అడవంతా అందులోనే వస్తుంది, రాళ్లు జారే భాగం రాదు. పర్మిట్ మాత్రం దీనికీ కావాలి. ఇంకా తక్కువ నడవాలనుకుంటే, గంగోత్రికి ముందు భైరోంఘాటీ దగ్గర గర్తాంగ్ గలీ ఉంది. జాడ్ గంగ లోయ మీద కొండను తొలిచి కట్టిన పాత చెక్కమెట్ల దారి అది, బాగుచేసి 2021లో మళ్లీ తెరిచారు. పెద్దవాళ్లను హర్సిల్‌లో ఉంచితే అక్కడి దేవదారు తోపులు, గంగమ్మ చలికాలం గడిపే ముఖ్‌బా గ్రామం తాపీగా చూసుకోవచ్చు.

చివరగా, గంగాజలం తెచ్చేవాళ్లకు. గోముఖం దగ్గర పట్టిన నీటిలో రాతిపొడి ఉంటుంది. రాత్రంతా కదపకుండా ఉంచి, పైన తేరిన నీటిని నెమ్మదిగా వంచి చెంబులో పోసుకోండి, అప్పుడే సీలు వేయించండి. గంగోత్రి నుంచి కిందికి వెళ్లే బస్సులు, జీపులు తెల్లవారుజామునే బయలుదేరతాయి కాబట్టి నడిచి వచ్చిన సాయంత్రమే సీటు మాట్లాడి పడుకోండి.